ఉష పట్టిన గాలి

మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో నాగులమ్మ ప్యాకింగ్ పని చేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు, పిల్లలు పోసి, పైన ఆక్సిజన్ పట్టి మూతి బిగించాలి. ఆమె కూతురు ఉష యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ తీస్తారు కదా, అందులో ఆక్సిజన్ వచ్చే వైపే పని మొరాయిస్తుంది. దాన్ని వేగిరం చేయడానికి కొన్ని యంత్రాల్లో బంగారం కన్నా అరుదైన ఇరిడియం వాడతారు. చవగ్గా దొరికే ఇనుము, నికెల్‌తోనే ఆ పని చేయించాలని ఉష పట్టు.

ఏడాది పాటు ఓటమే. నికెల్ జాలీకి జిగురుతో అంటించిన ఇనుము-నికెల్ పొడి, బుడగలు మొదలవగానే పెచ్చులుగా రాలిపోయేది. వేరే అంశం చూసుకోమన్నారు గైడు. ఆమె వినలేదు. జిగురు మానేసి, జాలీని ఇనుప లవణం కలిపిన నీళ్ళలో నానబెట్టి, పూత దాని ఒంటిమీదే పెరిగేట్టు చేసింది. నెలలు గడిచినా అది రాలలేదు.

ల్యాబులో అందరి చూపూ హైడ్రోజన్ మీదే. ఆక్సిజన్‌ను ఊరికే బయటికి వదిలేసేవారు. ఉషకు మనసొప్పలేదు. గైడు అనుమతితో తన యంత్రాన్ని హేచరీకి తెచ్చింది.

"ఈ డబ్బా గాలికి పిల్లలు చస్తేనో?" అన్నాడు యజమాని చెంచురామయ్య.

"రెండు సంచులే ఇవ్వండన్నా. గాలిని మంచినీళ్ళలో కడిగి, ల్యాబులో పరీక్ష చేసినాకే తెచ్చినా."

"నా బిడ్డ పట్టిన గాలి, మూతి నేనే కడతా," అంటూ నాగులమ్మ ముందుకొచ్చింది.

తల్లీకూతుళ్ళు ఆ సంచులతోపాటే వ్యాన్లో వాకాడు వెళ్ళారు. అక్కడి రొయ్యల చెరువు రైతు ఇందిరమ్మ ఒక సంచి విప్పి తెల్ల బేసిన్లో వంచింది. పిల్లలు అడుగున కదలకుండా పడున్నాయి. ఉష బేసిన్ మీదికి వంగి చూసింది. ఇందిరమ్మ వేలితో నీళ్ళను గుండ్రంగా తిప్పింది. అంతే, పిల్లలన్నీ ఒక్కసారిగా లేచి ఆ సుడికి ఎదురీదసాగాయి.

"భలే హుషారుగా ఉండాయే! ఏ కంపెనీ సిలిండరు?"

"సిలిండరు కాదమ్మా," అంది నాగులమ్మ. "మా ఉష చేసింది. ఇనుముతో."

ఇందిరమ్మ ఉషను ఎగాదిగా చూసింది. "అయితే నువ్వే వదలమ్మా, నీ చేత్తో."

ఉష మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి బేసిన్ మెల్లగా వంచింది. గట్టు మీద నాగులమ్మ నడుమున చేతులు పెట్టుకుని, వ్యాన్ డ్రైవర్‌ని కేకేసింది.

"ఓ సుబ్బూ! ఇట్రా, మా అమ్మాయిని చూడు!"