మీ పేరున ఏం రాలేదండి

కొండయ్య కావాలనే మలుపు దగ్గర బెల్లు కొట్టడం మానేశాడు, లేకపోతే రోజూ వీధి చివర్నుంచే వినపడే పోస్టుమాన్ బెల్లు ఇవాళ ఇంత పొద్దెక్కినా ఎందుకు వినపడదు, పాండురంగారావు అరుగు మీద కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు, అరుగు మీద కూర్చుంటే అల్లుడుగారు గాలి పీలుస్తున్నారంటారు, గేటు దగ్గర నిలబడితే జీతం లేని వాచ్‌మన్ దొరికాడంటారు, ఇల్లరికం వచ్చినవాడు ఎక్కడ నిలబడ్డా దానికో పేరు పెడతారు, పెట్టనీ, ఆ క్యాసెట్టు ఒక్కటి రానీ, అరచేతిలో పట్టేంత క్యాసెట్టు, అందులోని ప్రోగ్రాం కంప్యూటర్‌కి ఎక్కించి మామగారి మామిడికాయల లెక్కలన్నీ టీవీ తెర మీద గడగడా నడిపించిన రోజున ఈ నోళ్లన్నీ ఎక్కడ దాచుకుంటారో చూస్తాను, అనుకుంటుండగానే లోపల దేవుడి గదిలో టేపురికార్డరు కీచుమంది, పిల్లి తోక తొక్కినట్టు ఓ అరుపు, టక్కుమని ఆగి ఆ వెంటనే భార్య సుభద్ర గొంతు, మంగళహారతి, మళ్లీ మొదలు, మూడు వారాలుగా పొద్దున్నే ఇదే గోల, టేపురికార్డరు హెడ్డు తుడిచే దిక్కులేదు ఈ కొంపలో, తుడవమని తను మాత్రం ఎందుకు చెప్పాలి, కంప్యూటర్‌కి కావాలి ఓ నాలుగురోజులు ఇవ్వండత్తయ్యగారూ అంటే దేవుడి గదిలో వస్తువు బయటికి రాకూడదు నాయనా అన్నారుగా, చివరికి తన పాత టేపురికార్డరే మైలవరంలో కన్నవారింటి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవాల్సొచ్చింది, అరుచుకోనీ.

ఊరికే ఇస్తాడా, అన్నాడు ఆ రోజు మామగారు తిరుపతిరావు, భోజనాల దగ్గర అందరూ ఉండగా, కంప్యూటర్ల కంపెనీ వాడు పత్రికలో ప్రకటన వేశాడు మామగారూ, వాళ్ల కంప్యూటర్ కొన్న వ్యాపారస్తులకి లెక్కల ప్రోగ్రాం క్యాసెట్టు ఉచితమట, కూపను నింపి పంపితే చాలట అని తను ఎంత వినయంగా చెప్పాడు, ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, అల్లుడూ, నేను కూడా ఊరికే ఇస్తాను, బేరగాడికి రసం కాయ చేతిలో పెడతాను, పెట్టె పై వరసలోది, కింది వరస సంగతి వాడు ఇంటికెళ్లాక తెలుస్తుంది అన్నాడు, అయినా ఈ డబ్బా కరెంటడుగుతుంది, టీవీ అడుగుతుంది, టేపురికార్డరడుగుతుంది, ఇప్పుడు క్యాసెట్టు కూడా అడుగుతోందా, ఇంతా చేసి కూచున్నచోటి నుంచి కదలదు, నీలాగే ఉందయ్యా అన్నాడు, విస్తళ్ల ముందు నవ్వు, అత్తగారి నవ్వు సరే, సుభద్ర కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆ కొంగు వెనకాల ఏముందో తనకి తెలీదా.

ఆ కసితోనే ఆ రాత్రి కూపను నింపాడు, ముత్యాల్లాంటి అక్షరాలు, వ్యాపార సంస్థలకు మాత్రమే అన్నచోట ఒక్క క్షణం కలం ఆగింది, తర్వాత చకచకా నింపేసి నాలికతో తడిపి కవరంటించి తనే వెళ్లి డబ్బాలో వేశాడు, ఆ వేసిన రోజున చెట్ల మీద బంగినపల్లి ఉంది, తర్వాత రసాలొచ్చాయి, రసాలూ పోయాయి, ఇప్పుడు పక్క యార్డులో ఊరగాయకి కూడా ఎవడూ అడగని కలెక్టర్ కాయ గడ్డిలో కుప్పపోసి ఉంది, ఇవాళ్టి లారీతో సీజను ఆఖరు, ఆ లారీలోనే కంప్యూటర్ విజయవాడ షాపువాడికి తిరిగి వెళ్లిపోతుంది, రేపట్నుంచి నువ్వు కొట్లో గుమాస్తా పక్కన చాప మీద కూచుంటావు అని మామగారు నిన్న అందరి ముందూ తీర్పు చెప్పేశాడు, బి.కాం. చదివినవాడు గుమాస్తా పక్కన, గుమాస్తా ముక్కుపొడుం తుమ్ముల్లో.

బెల్లు. లేచి గేటు దాకా పరిగెత్తకూడదనుకుంటూనే పరిగెత్తాడు, ఏం కొండయ్యా, నా పేరున ఏమన్నా వచ్చిందా, కొండయ్య సైకిలు దిగకుండానే ఓ కాలు నేలకానించి, మీ పేరున ఏం రాలేదండి, సరిగ్గా చూడవయ్యా, చిన్న ప్యాకెట్టు, మద్రాసు ముద్ర ఉంటుంది, చూశానండి, అయ్యగారి పేరున రెండు కార్డులు, అమ్మాయిగారికి వారపత్రిక, మీ పేరునంటారా, మీరొచ్చిన దగ్గర్నుంచి మైలవరం కార్డు తప్ప మరోటి రాలేదు కదండీ, ఉంటానండి, వెళ్లిపోయాడు, వెళుతూ ఇప్పుడు కొట్టాడు బెల్లు, ఇప్పుడెందుకు, ఎగతాళికి, వీడు నిజం చెప్తున్నాడా, వీడింటికి ప్రతి వేసవీ పెట్టెడు కాయలు పంపేదెవరు, మామగారు, తిన్న నోరు ఎవరివైపు మాట్లాడుతుంది, అంతా కూడబలుక్కున్నదే, ప్యాకెట్టు ఎప్పుడో వచ్చి ఉంటుంది, పోస్టాఫీసు నుంచి తిన్నగా యార్డుకి వెళ్లి ఉంటుంది, ఆయన దాన్ని ఏ గడ్డికుప్ప కిందో తొక్కి ఉంటాడు, అల్లుడు పైకొస్తే మామ మాట ఎవడు వింటాడు, మొన్న ఆయన కునుకుతీస్తున్నప్పుడు సొరుగు తీసి చూశాడు కూడా, పొగాకు కాడలూ తాళంచెవులూ తప్ప ఏం లేవు, ఏం లేకపోవడమే అనుమానం, దాచేవాడు సొరుగులో దాస్తాడా.

సర్దమన్నారుగా, సర్దుదాం, గదిలోకొచ్చి తలుపు దగ్గరకి వేశాడు, కంప్యూటర్, నలుపు మీద నలుపు మీటలు, ఎంత ముచ్చటగా ఉంది, పోయేలోపల ఒక్కసారి, దీంతోపాటు వచ్చిన ఆ ఒక్క ఆటల క్యాసెట్టే తన టేపురికార్డరులో పెట్టి మీట నొక్కాడు, కీచుమంది, టేపులోంచి ప్రోగ్రాం కంప్యూటర్‌లోకి ఎక్కే ఆ చప్పుడంటే తనకిష్టం, ఇంట్లో ఇంకెవరికీ అర్థంకాని భాష అది, సరిగ్గా అప్పుడే దేవుడి గదిలో అత్తగారు టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టినట్టున్నారు, అక్కడా కీచుమంది, ఇక్కడా కీచు అక్కడా కీచు, ఒకటే గొంతు, ఒకటే జీర, కవలపిల్లలు ఒకేసారి ఏడ్చినట్టు, పాండురంగారావు చెయ్యి మీట మీదే ఆగిపోయింది, హెడ్డు మురికి కాదు, మురికి ఇంత లెక్కగా అరవదు, మూడు వారాలు, రోజూ, తన చెవిలో.

కాళ్లు కడుక్కోకుండానే దేవుడి గదిలో జొరబడ్డాడు, అయ్యో మైల అంటున్నారెవరో, క్యాసెట్టు పీకాడు, దాని మీద బాల్‌పెన్నుతో హారతులు అని సుభద్ర దస్తూరీ, కింద ఇంగ్లీషులో కంప్యూటర్ కంపెనీ అచ్చు, పైన రెండు చిల్లుల్లోనూ దూది, ఇదెక్కడిది, అతని గొంతు అతనికే కొత్తగా ఉంది, సుభద్ర కుంకుమ చేతులు తుడుచుకుంటూ, అదా, మీరు దేనికో విజయవాడ వెళ్లిన రోజున వచ్చిందండీ, నాన్న పేరున, భక్తి పాటలేమోనని అమ్మ పెట్టింది, దయ్యం పట్టినట్టు అరిచింది, హడలిపోయి ఆపేశాం, పాడైపోయిన క్యాసెట్టు అంటగట్టారనుకున్నాం, అత్తగారు అందుకున్నారు, ఊరికే వచ్చింది కదా నాయనా, నిగనిగలాడే టేపు, పారేస్తామా, దూది కుక్కితే రికార్డవుతుందని పక్కింటి ఉమ చెప్పింది, ఆ ఆగినచోటునుంచే మీ ఆవిడచేత పాడించేశాను, నాన్న పేరునేంటి, అరిచాడు పాండురంగారావు, మీ నాన్న పేరు వాళ్లకెలా తెలుసు, అందుకే ఆయన, అదిగో, ఆయనే దాయించాడు, సుభద్ర తెల్లబోయి చూస్తోంది, నాన్న దాన్ని చూడనే లేదండీ.

కంప్యూటర్‌కి పెట్టాడు, ఏమో, ఎంతో కొంత మిగిలి ఉంటుందేమో, కీచుమంది, తెర మీద ప్రోగ్రాం పేరు పడింది, పడింది, లెక్కల ప్రోగ్రామే, ఆ తర్వాత మంగళం అంటూ సుభద్ర అందుకుంది, తెర అంచున ఎర్రచారలూ నీలంచారలూ ఆమె గొంతుతోపాటు పైకీ కిందికీ ఊగాయి, కంప్యూటర్ పాపం వింటూనే ఉంది, ఇప్పుడొస్తాయి లెక్కలు, ఇప్పుడొస్తాయి అని, వెనక గుమ్మంలో సుభద్ర, నెమ్మదిగా, రోజూ వింటూనే ఉన్నారుగా, ఎలా పాడానో ఒక్క మాట అంటారేమోనని చూశాను, మీరేమీ అనలేదు, అంది, అతను టేపు ఆపి, తీగలు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాడు.

యార్డులోంచి కేక, అల్లుడూ, డబ్బా సర్దావా, లారీ కదుల్తోంది, కట్టాడు, రసాల పెట్టెలో గడ్డి పరిచి కంప్యూటర్‌ని పడుకోబెట్టి మీద ఇంకాస్త గడ్డి వేశాడు, మోసుకెళ్లి లారీ పక్కన దించాడు, లారీ గుమాస్తా చెవి మీది పెన్సిలు తీసి, పంపేవాళ్ల పేరు చెప్పండి సార్ అన్నాడు, తిరుపతిరావుగారని రాయి అన్నాడు పాండురంగారావు, ఆ పేరు చెప్పమని ఎవరూ అనలేదు, మామగారు అల్లంత దూరాన బస్తా మీద కూచుని కాయ కోసుకుంటున్నాడు, ఇటు చూడను కూడా లేదు, నాలిక తనంతట తనే అనేసింది, ఎంత నున్నగా, ఎంత అలవాటుగా, పెన్సిలు చెక్క మీద గరగరలాడుతుంటే ఆ రాత్రి ఆగిన కలం కళ్లముందుకొచ్చింది, వ్యాపార సంస్థలకు మాత్రమే, పాండురంగారావు ఎవడని ఇస్తారు, ఆగిందప్పుడే, ఆగి, ముత్యాల్లాంటి అక్షరాలతో తిరుపతిరావుగారి పేరు రాసింది, రాసి మరిచిపోయింది, కొండయ్య ఇన్నాళ్లూ నిజమే చెప్పాడు, మీ పేరున ఏం రాలేదండి అని, ఎలా వస్తుంది, ఈ ఇంట్లో ఎవరూ చెరపకముందే తన పేరు రాయకుండా వదిలేసింది తన చెయ్యే.