తిట్లకు నోచుకోని ఆటగాడు

మా చక్కెర మిల్లు ఊళ్లో మిమ్మల్ని ఎవరూ ఆటపట్టించడం లేదంటే, మీరు పోయి ఉండాలి, లేదా పరాయివాళ్లై ఉండాలి. బట్టతలవాణ్ణి ‘దువ్వెనా’ అని పిలుస్తారు. పెళ్లాం వదిలేసినవాణ్ణి ‘పెళ్లికొడుకా’ అంటారు. శవం దగ్గర కూడా ఎవడో ఒకడు జోకు వేస్తాడు, పోయినవాడి భార్యే ముందు నవ్వుతుంది. మా డొమినికన్లకు అదే మర్యాద.

అలాంటి ఊళ్లో మా తమ్ముడు ఎవారిస్తోను నెలల తరబడి ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఎవారిస్తో మామూలువాడు కాదు. చెరకు తోటల పక్కన చీపురుకర్రతో సీసా మూతలు కొట్టి ఆట నేర్చుకుని, ఇరవై ఏళ్లు అమెరికా పెద్ద లీగులో బేస్‌బాల్ ఆడాడు. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య వాడు నిలబడితే అటు బంతి కొట్టడమే దండగ అనేవారు. మోకాళ్లు అరిగాక, ఆఖరి సీజను మన ఊరి జట్టుకే ఆడతానని వచ్చాడు. ఫైనల్లో ఆఖరి బంతి నేల మీద నింపాదిగా దొర్లుకుంటూ వచ్చింది. మా అమ్మమ్మైనా పట్టేది. అది కాస్తా వాడి కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది, దాంతో కప్పూ పోయింది. మర్నాడే ఆట మానేస్తున్నానని చెప్పి, నా ఇంటి పక్కన కట్టుకున్న ఇంట్లోకి వచ్చేశాడు.

అప్పుడు మొదలైంది ఈ పాడు మర్యాద. వాడు కొట్టుకి వెళ్తే లేచి కుర్చీ ఇస్తారు. మంగలి తోబియాస్ వాణ్ణి పుట్టినప్పటి నుంచీ ‘ఒరే బక్కోడా’ అన్నవాడు, ఇప్పుడు ‘రండి ఎవారిస్తో గారూ’ అంటాడు. మావాడు గడ్డం గీయించుకుని వచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఒక శనివారం నేను అరటికాయలు వేయిస్తుంటే వచ్చి చెప్పాడు.

“అక్కా, ఇల్లు అమ్మేస్తున్నా. రాజధానికి వెళ్లిపోతా. సోమవారం బ్రోకర్ వస్తున్నాడు.”

“ఏం పుట్టిందిరా నీకు?”

“ఈ ఊరు నన్ను వెలేసింది, నీకు కనబడటం లేదా? పోస్ట్‌మేన్ కూడా గారు అంటున్నాడు.”

అమ్మ పోయాక నాకంటూ మిగిలింది వీడొక్కడే. ఇన్నేళ్లూ టీవీలో చూసుకుని తృప్తిపడ్డాను. ఇప్పుడు గోడ అవతల దగ్గితే వినబడేంత దగ్గరికి వచ్చి, మళ్లీ పోతాడట.

తిన్నగా కొట్టు నడిపే నెరెయ్‌దా దగ్గరికి వెళ్లాను. “ఏమే, మావాడు మీకేం పాపం చేశాడు? పరాయివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు?”

“అయ్యో ఓతిలియా, జాలిపడే కదే. ఆ బంతి ఊసెత్తినవాడికి నా కొట్లో బీరు లేదని నేనే చెప్పా. పుండు మీద కారం చల్లడం ఎందుకని.”

“మీ జాలి తగలెయ్య. ఆ జాలికే వాడు ఊరొదిలి పోతున్నాడు.”

నెరెయ్‌దా మొహం మాడిపోయింది. “ఇప్పుడు ఎవరు ముందు నోరు విప్పుతారే? అందరం వాడికి భయపడుతున్నాం,” అంది.

ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి చెయ్యి పట్టుకుని కొట్టు ముందున్న డోమినో బల్ల దగ్గరికి లాక్కెళ్లాను. వద్దు మొర్రో అన్నా వినలేదు. మళ్లీ అందరూ లేచారు, మళ్లీ కుర్చీ. నాకు ఒళ్లు మండింది. బిళ్లల్ని బల్ల మీద టపటపా కొట్టి ఆడే మొనగాళ్లు, గుడ్లు పెట్టినంత మెల్లగా పెడుతున్నారు. అంతలో వాడి చేతిలోని బిళ్ల జారి నేల మీద పడి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయింది. అందరూ ఒక్కసారే వీధి వైపు చూశారు. తోబియాస్ నవ్వు ఆపుకుంటూ పెదాలు బిగించాడు, మెడ నరాలు ఉబ్బాయి.

“కాళ్లు దగ్గర పెట్టుకోరా,” అన్నాను. “ఇదీ పోయింది.”

ఎవారిస్తో నా వైపు చూసిన చూపుకి నాకే భయమేసింది. నోరు జారితే తీసుకోలేం కదా.

తోబియాస్‌కి ఇక ఆగలేదు. ముక్కులోంచి బీరు చిమ్మింది. “ఒరే బక్కోడా, ఆ రోజు నీ కాళ్ల మధ్య నుంచి చెరకు బండి తోలినా పట్టేదిరా.”

“ఎడ్లతో సహా,” అన్నాడు పోస్ట్‌మేన్.

“మా కోడి పిల్లల్ని వెంటేసుకుని దాటేది,” అంది నెరెయ్‌దా లోపల్నుంచి. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

ఎవారిస్తో మొహం కందిపోయింది. “అయితే మీకు నా మీద కోపం లేదా?”

“లేకపోవడమేంటిరా?” అన్నాడు తోబియాస్. “అన్నం సయించలేదు నాకు. ముసలాణ్ణి, ఇంకో కప్పు చూస్తానా చస్తానా? ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. అయితే మాత్రం నిన్నేం చేసుకుంటాం? మావాడివైపోయావు.”

వాడు బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఎవరూ ఓదార్చలేదు. ఏడుపు తర్వాత, ముందు అందరికీ బీరు చెప్పమన్నారు. నా గుండెల మీది కుంపటి దించినట్టయింది.

సోమవారం ఉదయం బ్రోకర్ ఇస్త్రీ చొక్కాతో దిగాడు. “ఇల్లు చూపిస్తారా సార్?” అన్నాడు.

ఎవారిస్తో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మడం లేదండీ. నన్ను తిట్టాల్సినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా సగం మంది మిగిలే ఉన్నారు.”