పర్యవేక్షకురాలి సంతకం

కాలేజీకీ మా తల్లుల సంఘానికీ ఒప్పందం కుదిరిన రోజున కాలేజీ మేడమ్ నా చేతిలో పన్నెండు హాజరు పుస్తకాలు పెట్టింది. పన్నెండుమంది విద్యార్థినులు మా సంఘం నడిపే పిల్లల కేంద్రానికొచ్చి ఏడాదిపాటు నా దగ్గర పని నేర్చుకుంటారు. ఎవరెన్ని గంటలు చేశారో చూసి, "పర్యవేక్షకురాలు" అన్నచోట రోజూ నేను సంతకం పెట్టాలి.

"నేను తొమ్మిదితో చదువు ఆపేశానండీ," అన్నాను భయంభయంగా.

"పని తెలిసింది నీకేగా? పెట్టు," అంది.

బదులుగా సంఘంలో ఒకరికి కాలేజీలో పిల్లల సంరక్షణ కోర్సు సీటు ఇస్తారు. పదో తరగతి లేకపోయినా, ఏడాది అనుభవానికి కాగితం రుజువుంటే చాలు. ఆ కోర్సు చదవనివాళ్ళు వచ్చే ఏడు నుంచి పిల్లల గదిలో ఉండకూడదట. నా రెండేళ్ళ చంటిదాన్ని కళ్ళముందు పెట్టుకుని చేసుకునే పని నాకింకెక్కడ దొరుకుతుంది?

ఏడాదంతా నేర్పాను. కాళ్ళు తన్నుకునేవాణ్ణి గోడవైపు పడుకోబెట్టడం, ఏడుపు ఆకలిదో నిద్రదో పోల్చుకోవడం. నిద్రపోయిన ప్రతి పిల్ల ముక్కు దగ్గరా వేలు పెట్టి ఊపిరి చూస్తుంటే మొదట్లో కిసుక్కున నవ్వారు.

"అక్కకు అనుమానం జబ్బు!" అంది కళ్ళజోడు పిల్ల.

నెల తిరక్కుండా అదీ వేలు పెట్టి చూడటం మొదలెట్టింది. తర్వాత కాలేజీ వాళ్ళ నివేదికలో ఈ వేలు పెట్టడమే "శ్వాస పరిశీలన పద్ధతి" అయి కూర్చుంది. కనిపెట్టింది మేడమట.

పరీక్షలకు పది రోజుల ముందు మేడమ్ కొత్త పుస్తకాలు పట్టుకుని పరుగున వచ్చింది. పర్యవేక్షకురాలికి డిగ్రీ ఉండాలట, లేకపోతే విద్యార్థినుల గంటలు చెల్లవట, పరీక్షకు కూర్చోనివ్వరట.

"నువ్వు చదువుకోలేదని చెప్పొద్దూ?"

"మొదటిరోజే చెప్పానండీ."

"గట్టిగా చెప్పాల్సింది."

మా సంఘం అధ్యక్షురాలు పెద్దక్కకు డిగ్రీ ఉంది. ఏడాదిలో రెండుసార్లు పిల్లల గది గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకుని వెళ్ళింది. ఇప్పుడు కొత్త పుస్తకాల నిండా ఆవిడ సంతకాలు పెడుతుందట. పాతవి ఎవరి కంటా పడకుండా నేను ఇచ్చెయ్యాలి.

"మరి నా అనుభవానికి రుజువు అవేగా పెద్దక్కా?"

"నేను నోటితో చెప్తాలేవే. నా మాటంటే నీకు లెక్కలేదా?"

ఇవ్వనని అందామనే అనుకున్నాను. అంతలో కళ్ళజోడు పిల్ల దగ్గరికొచ్చింది. నా చంటిది దాని భుజం మీద నిద్రపోతోంది.

"అక్కా, ఈ ఏడాది పోతే మా నాన్న మళ్ళీ చదివించడు. ఒక్క ఏడాదే కదా, ఇంట్లో కూర్చో అంటాడు."

అమ్మ మంచం పట్టినప్పుడు నాకూ ఒక్క ఏడాదే అన్నారు. ఆ ఏడాది ఇంకా అవలేదు.

పన్నెండూ తెచ్చి మేడమ్ చేతిలో పెట్టాను. "ఎంత మంచి మనసు!" అంటూ అక్కడికక్కడే వాటిని నిలువునా చింపేసింది. పెద్దక్క కుర్చీ లాక్కుని కలం మూత తీసింది.

సీటు దరఖాస్తుకు కాలేజీకి వెళ్ళాను. పెద్దక్క నోటిమాట గురించి చెబితే గుమాస్తా తలెత్తలేదు.

"నోటిమాటలు ఇక్కడ చెల్లవమ్మా. కాగితం ఉంటేనే అనుభవం రాయి. గడి మాత్రం ఖాళీగా వదలకు."

అనుభవం అన్న గడిలో "లేదు" అని రాసి ఇచ్చాను.

"తొమ్మిదే చదివినా దస్తూరీ ముత్యాల్లా ఉందే!" అని మెచ్చుకుని, ఆ కాగితాన్ని అర్హత లేనివాళ్ళ కట్టలో పెట్టాడు.