చక్రం ముట్టుకోకు

ఇన్‌స్పెక్టరుగారు బస్సు డిపోలో ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ, ఇన్‌స్పెక్షన్ మాత్రం మానలేదు. కుళాయి సరిగ్గా కట్టేశారా, మెట్ల మీద లైటు ఆర్పారా, పక్కవాటా వాళ్ళు సైకిలు మళ్ళీ గోడకే ఆనించారా, అన్నీ ఆయనకే కావాలి. సాయంత్రమయ్యేసరికి ఈ తనిఖీ నది గట్టుకి మారుతుంది. ముందు మెడలో పెద్ద నల్లటి బైనాక్యులర్‌తో ఆయన, వెనకాల మంచినీళ్ళ సీసాతో ఆయన భార్య.

ఆవిడ పళ్ళు తయారుచేస్తుంది. కట్టుడు పళ్ళు. డాక్టర్లు అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో దీపం కింద కూచుని ఒక్కో పన్నూ చెక్కి, పక్క పంటికి తగ్గ రంగు కలిపి ఇస్తుంది. ఊళ్ళో సగంమంది నవ్వుతున్నారంటే ఆవిడ చలవేనని తోటివాళ్ళు వేళాకోళం చేస్తారు. పగలంతా జానెడు దూరంలో ఉన్నదాన్నే చూసే మనిషికి సాయంత్రం పూట దూరంగా ఏదైనా చూడాలనిపించడంలో వింతేముంది?

గట్టున బెంచీ మీద కూచున్నాక ముందు ఇన్‌స్పెక్టరుగారు తనివితీరా చూసేవారు. చూస్తూ అదిగో పడవ, అదిగో నీటికాకి అని వ్యాఖ్యానం చెప్పేవారు. ఇక తనకి చాలనిపించాక మెడలోంచి తీసి ఆవిడ చేతికిచ్చేవారు.

"ఇదిగో, చూడు. చక్రం ముట్టుకోకు, నేను సెట్ చేసిపెట్టాను. కళ్ళజోడు తీసి చూడు, అద్దానికి అద్దం రాసుకుంటే గీతలు పడతాయి."

ఆవిడ కళ్ళజోడు తీసేది. ఆవిడ కళ్ళు రెండూ రెండు దారులు, ఒక్కోదానికి ఒక్కో పవరు. కళ్ళజోడు లేకపోతే ఎదురుగా ఉన్న మొగుణ్ణి కూడా గొంతు బట్టి పోల్చుకోవాల్సిందే. ఇక ఆ బైనాక్యులర్‌లో కనిపించేది ఒక బూడిదరంగు ముద్ద. "కనిపించిందా?" అనేవారాయన. "ఆఁ, కనిపించింది" అనేది ఆవిడ. కొత్తలో మొహమాటానికి అంది. తర్వాత తొందరగా ఇంటికెళ్ళి వంట చూసుకోవాలని అంది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

మొన్నటికి మొన్న ఆయన పాత డిపో స్నేహితుడొకాయన గట్టు మీద తగిలాడు. ఇన్‌స్పెక్టరుగారు అవతలి ఒడ్డున రాయి మీద కొంగని చూపించి బైనాక్యులర్ ఆవిడకిచ్చారు. ఆవిడ ఎప్పటిలాగే "అబ్బ, ఎంత తెల్లగా ఉందో" అంది. అప్పటికే కొంగ ఎగిరిపోయింది. మగవాళ్ళిద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"మా ఆవిడకి చూపించినా ఒకటే, చూపించకపోయినా ఒకటే. పళ్ళు తప్ప ఇంకేమీ కంటికి ఆనవు" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

ఆవిడా వాళ్ళతోపాటు నవ్వింది. అలా నవ్వినందుకే తర్వాత తన మీద తనకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు ఆయన ముందు టక్కున పెట్టి చెప్పేసింది.

"నేనొక బైనాక్యులర్ కొనుక్కుంటున్నాను. చిన్నది. నా సంచిలో పట్టేది."

"ఇంట్లో ఒకటి ఏడుస్తుంటే ఇంకోటెందుకే?"

"ఇంట్లో ఉన్నది మీది. మీకిష్టమైతే రండి, లేకపోతే లేదు."

ఎక్కడో తనిఖీ జరగబోతుంటే ఆయన ఇంట్లో కూచుంటారా? చెప్పులేసుకుని ఆవిడకంటే ముందే గుమ్మం దిగారు.

కెమెరాల కొట్లో కౌంటర్ అమ్మాయి మూడు చిన్న బైనాక్యులర్లు తీసి మెత్తటి గుడ్డ మీద వరసగా పెట్టింది. ఒకటి మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. మిగతా రెండూ అంతకంటే కాస్త పెద్దవి, అచ్చం కవలపిల్లల్లా ఉన్నాయి. కాకపోతే ఒకదాని మీద ఎనిమిది అనీ, ఇంకోదాని మీద పది అనీ ఉంది.

"పదిరెట్లు చూపించేది ఉండగా ఎనిమిది ఎవరు కొంటారమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"గుమ్మంలో నిలబడి చూడండి సార్, మీకే తెలుస్తుంది" అంది అమ్మాయి.

ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, అలవాటు కొద్దీ ముందు కళ్ళజోడు తీసింది.

"తియ్యకండమ్మా, పెట్టుకునే చూడండి." అమ్మాయి వచ్చి, కళ్ళు ఆనించే చోట ఉన్న రబ్బరు కప్పులు రెండూ తిప్పి లోపలికి దించింది. "కళ్ళజోడున్నవాళ్ళు ఇలా దించుకోవాలి. రబ్బరే కదా, గీతలేం పడవు. ఈ చక్రం మీ కంటికి సరిపోయేదాకా మీరే తిప్పుకోండి."

ఆవిడ వేలు చక్రం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిప్పింది.

ఎదురు బిల్డింగు పై అంతస్తులో కిటికీ అద్దాలు తుడిచే మనిషి చటుక్కున కళ్ళముందుకొచ్చి నిలబడ్డాడు. చొక్కాకి ఒక గుండీ లేదు, గడ్డం మీద సబ్బు నురగ. లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే పైవరసలో పక్కపన్ను లేదని కూడా తెలిసిపోయింది.

మూడూ మార్చి మార్చి చూసింది. గుప్పిట్లో పట్టేది ముచ్చటగానే ఉంది గానీ, కన్ను వెంట్రుకవాసి జరిగితే చాలు, నల్లగా మూసుకుపోతోంది. పదిలో మనిషి ఇంకా దగ్గరికొచ్చాడు గానీ, ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా బిల్డింగుతో సహా ఊగిపోతున్నాడు. ఎనిమిదిలో కుదురుగా నిలబడి తన పని తాను చేసుకుంటున్నాడు.

"ఇది ఇవ్వమ్మా" అంది ఎనిమిదిని చూపించి.

"తొందరపడకు. దీనికంటే మనదే నయం. రోజూ అందులో చూస్తూనే ఉన్నావుగా" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"చూడలేదు."

"ఏంటి?"

"ఒక్కరోజు కూడా చూడలేదు. కళ్ళజోడు తియ్యమన్నారు, చక్రం ముట్టుకోవద్దన్నారు. నాకు పొగ తప్ప ఏమీ కనపడలేదు."

ఆయన అమ్మాయి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "మరి కనిపించిందనేదానివి?"

"కనిపించిందా అని అడిగేవారు కాబట్టి కనిపించిందన్నాను. ఏం కనిపించిందని ఎప్పుడైనా అడిగితే అప్పుడే బయటపడేదాన్ని." ఆవిడ గొంతు ఏమాత్రం తగ్గలేదు. అమ్మాయి గబగబా బిల్లు రాయడంలో మునిగిపోయింది.

ఆ సాయంత్రం గట్టు మీద ఇన్‌స్పెక్టరుగారు మూతి ముడుచుకుని బెంచీ ఆ చివర కూచున్నారు. నల్ల బైనాక్యులర్ ఒళ్ళోనే ఉంది. ఆవిడ ఈ చివర కూచుని చక్రం అటూ ఇటూ తిప్పుకుంటూ నీళ్ళ వైపు చూసింది. పడవలో ఒకతను వల విడదీస్తున్నాడు. అతని వేళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడకి సంతోషంతోపాటు కోపమూ ముంచుకొచ్చింది. ఇదంతా రోజూ ఇక్కడే జరిగింది, తను రోజూ ఇక్కడికే వచ్చింది.

"ఎడమపక్కకి తిప్పు. అక్కడ నీటికాకి ఉంటుంది" అన్నారాయన ఉండబట్టలేక.

ఆవిడ కుడిపక్కకి తిప్పింది.

"వారంలోపు వాపసు తీసుకుంటారట. రేపెళ్ళి ఇచ్చేద్దాం."

"కావాలంటే నన్ను ఇచ్చి రండి. దీన్ని మాత్రం ఇవ్వను."

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. "పొద్దు వాలింది. పద."

"మీరు వెళ్ళండి. నేనింకా చూడాలి."

ఆయన నడిచారు. ఆవిడ బైనాక్యులర్ అటు తిప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వెనక నడవడమే గానీ, ఇంత దూరం నుంచి ఆయన్ని చూడడం ఇదే మొదలు. కాలర్ ఒకవైపు లోపలికి మడతపడింది. ఎడమకాలు కాస్త ఈడుస్తున్నారు. దీపస్తంభం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. అక్కడి నుంచి ఆవిడ ముఖం కనిపించక కాబోలు, కళ్ళు చికిలించి, చేత్తో రమ్మని సైగ చేశారు. ఆవిడ కదలకపోవడంతో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయారు.

ఆవిడకి అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఇన్నేళ్ళూ తను ఆగింది, ఇవాళ ఆయన కాసేపు ఆగితే కొంపేం మునిగిపోదు అనుకుని, బైనాక్యులర్ మళ్ళీ నది వైపు తిప్పుకుంది.