ఒకరోజు ముందొచ్చిన రిబ్బను

పొద్దున కాఫీ గొంతు దిగకముందే ఆ ఇంటికి చావు రిబ్బన్లు వచ్చేస్తాయి. చావిళ్ళకి పంపే పూలచక్రాలకి కట్టేవి, ఊదారంగు గుడ్డ మీద బంగారు అక్షరాలు. పైన పోయినవాళ్ళ పేరు, కింద "ప్రగాఢ సానుభూతితో, గవర్నర్ ఫెర్మిన్ అల్కురాన్, కుటుంబం" అని ఉంటుంది. ఆ కుటుంబం అంటే గవర్నరు భార్య చోలెంగే. పేర్లు సరిచూసి పూలకొట్టుకి తిప్పిపంపడం ఆవిడ పని. పూలచక్రం వెనకాలే వెళ్ళి శవం పక్కన కూర్చోవడమూ ఆవిడ పనే. దీనికి జీతం లేదు సరే, కనీసం ఇది పని అని ఒప్పుకునే దిక్కయినా లేదు.

పద్నాలుగేళ్ళుగా ఇదే. ఫెర్మిన్ మూడుసార్లు మేయరయ్యాడు, ఇప్పుడు ఓట్లతో గెలిచి రెండోసారి జిల్లా గవర్నరు. కాగితం మీద రెండుసార్లు కట్టిన వంతెన ఏటి మీద ఒక్కసారీ కనబడలేదని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. అతని ఇసుక తవ్వకాల మీద విచారణ నడుస్తోంది. అయినా గెలుస్తూనే ఉన్నాడు. "పెళ్ళికి రాకపోతే జనం క్షమిస్తారే, చావుకి రాకపోతే ఇంటిల్లిపాది ఓట్లూ పోయినట్టే" అంటాడు. అంటాడు గానీ వెళ్ళడు. శవాన్ని ఉంచి వారం రోజులు జాగారం సాగే చావిళ్ళలో ప్లాస్టిక్ కుర్చీలో నడుం విరిగేలా కూర్చుని, పుచ్చగింజలు కొరుకుతూ, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళని పట్టుకుని ఏడ్చేది చోలెంగ్. చావింటి నుంచి తిన్నగా ఇంటికి రాకూడదు, పోయినవాళ్ళు వెంట వస్తారు. అందుకని ప్రతిసారీ రొట్టెల కొట్టు దగ్గర ఆగి రొట్టెలు కొనుక్కొచ్చేది. "మళ్ళీ రొట్టెలా!" అని అత్తగారు దోన్యా పూరా మూతి తిప్పేది.

ఆ శనివారం నాలుగు రిబ్బన్లు వచ్చాయి. మూడు తెలిసిన చావులే. నాలుగోది విప్పేసరికి చోలెంగ్ చెయ్యి ఆగిపోయింది.

లుసియో బుయెన్‌సాలిదో.

లుసియో మాస్టారా? నిన్న మధ్యాహ్నం చేపల బజార్లో చేప మొప్ప ఎత్తి చూపించి, "ఇది పోయి వారమైందమ్మాయ్, దీనికి పూజ చేయించు" అని అమ్మే పిల్లని ఆటపట్టిస్తున్నాడే! ఇసుక లారీల నంబర్లు మూడేళ్ళు నోటుపుస్తకంలో రాసిపెట్టిన మనిషి. సోమవారం మనీలాలో విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పబోతున్న మనిషి.

పూలకొట్టు నెనాకి ఫోన్ చేసింది. "మాస్టారు ఎప్పుడు పోయారు నెనా?"

"అయ్యో, ఆయనా పోయారా? నాకేం తెలుసు మేడమ్, బోయెత్ గారు మెసేజ్ పెడితే చేశాం."

బోయెత్ ఫెర్మిన్‌కి నీడ. తలుపు తీయడం దగ్గర్నుంచి చెప్పుకోకూడని పనుల దాకా అన్నీ అతనే.

"ఎప్పుడు పెట్టాడు?"

"నిన్న పొద్దున్నే. ఆదివారం కొట్టు మూసేస్తాం కదా మేడమ్, అందుకని ముందే చెప్పారేమో. దోమెంగ్ గారప్పుడూ అంతేగా, గుడ్ ఫ్రైడేకి సెలవని ముందురోజే చేయించారు." ఎంత అమాయకంగా అందో మహాతల్లి.

చోలెంగ్ ఫోన్ పెట్టేసి మంచం అంచున కూలబడింది. దోమెంగ్ ఏటి పక్క ఊరి పెద్ద. హెల్మెట్లు పెట్టుకుని బైకు మీద వచ్చిన ఇద్దరు గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం అతన్ని కాల్చేశారు. అతని రిబ్బను గురువారం పొద్దునే తన చేతిలో ఉంది. తనే చూసింది, తనే సరేనంది! అప్పుడు ఫెర్మిన్‌ని అడిగితే నవ్వాడు. "మతిమరుపు మొదలైందే నీకు. ఏ రోజు ఏదో కూడా తెలియడం లేదు. బి.పి. మాత్ర వేసుకుని పడుకో" అన్నాడు. అత్తగారు గుమ్మంలోంచి అందుకుంది. "మీ మామగారు పదహారేళ్ళు మేయరు అమ్మాయ్. బయట ఏం చేస్తున్నారని ఒక్కపూట అడిగి ఎరగను. నీకెందుకొచ్చిన ఆరాలు?" చోలెంగ్ నిజంగానే మాత్ర వేసుకుంది. అదీ సిగ్గు. తన కళ్ళని తను నమ్మక, అతని నవ్వుని నమ్మింది. దోమెంగ్ పెళ్ళాన్ని వాటేసుకుని ఏడ్చింది కూడా. ఆ ఏడుపు నిజమే, ఆ కౌగిలి ఏమిటో ఇప్పటికీ తెలియదు. రొట్టెల కొట్టు దగ్గర ఎంతసేపు ఆగినా దోమెంగ్ మాత్రం ఇంటిదాకా వచ్చేశాడు.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి? పోలీసు అధికారి పెళ్ళికి తామే పెద్దలు. చర్చి కప్పు ఫెర్మిన్ వేయించిందే. తనకి ఈ జిల్లాలో చేతనైన పని ఒక్కటే ఉంది. చావింటికి వెళ్ళి కూర్చోవడం.

లేచి ఎప్పుడూ తీసుకెళ్ళేవే సర్దింది. బిస్కట్ డబ్బాలు, కాఫీ పొట్లాలు, పుచ్చగింజలు. రిబ్బను మడిచి సంచిలో పెట్టింది.

"ఎవరు పోయారు మేడమ్?" అన్నాడు డ్రైవర్ తురో.

"ఇంకా ఎవరూ పోలేదు. కారు పోనియ్, లుసియో మాస్టారింటికి."

మాస్టారి భార్య తెక్లా వాకిట్లో బట్టలారేస్తోంది. పెద్ద కారు చూసి, బిస్కట్ డబ్బాలు చూసి, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడింది.

"మా ఇంట్లో చావు లేదు మేడమ్. ఇల్లు తప్పొచ్చారు."

"తప్పలేదు" అని చోలెంగ్ రిబ్బను చేతిలో పెట్టింది.

తెక్లా ఒకసారి చదివింది. "మొగుడు చంపేముందు పెళ్ళాంతో కబురంపుతున్నాడా? బెదిరించడానికొచ్చావా? ఏ మొహం పెట్టుకుని నా గడప తొక్కావ్!"

"ఈ మొహమే. ఇంకోటి లేదు నాకు" అంది చోలెంగ్. "దోమెంగ్ రిబ్బను కూడా ఇలాగే ముందురోజు వచ్చింది. అప్పుడు నోరు మూసుకున్నాను. ఒక కుర్చీ ఇస్తావా?"

తెక్లా చాలాసేపు నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. చివరికి కుర్చీ తెచ్చి కాళ్ళ దగ్గర పడేసినట్టు పెట్టింది. చోలెంగ్ దాన్ని గేటు దగ్గరికి లాక్కెళ్ళి, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడేలా కూర్చుంది.

గవర్నరు భార్య వచ్చి కూర్చుందంటే శవం ఉన్నట్టేనని ఆ ఊళ్ళో చంటిపిల్లకీ తెలుసు. పావుగంటలో పక్కింటి ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ వచ్చారు. ఎవరో కుర్చీలు మోసుకొచ్చారు, ఎవరో చావింటి జాగారానికి పేకముక్కలు తెచ్చారు. గోల విని లుసియో మాస్టారు చేతిలో కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. ఓ ముసలమ్మ కెవ్వుమంది.

"ఏంటే ఈ హడావిడి? ఎవరే పోయింది?" అన్నాడు మాస్టారు.

"నువ్వే!" అంది తెక్లా. నవ్వబోయి భోరుమని ఏడ్చింది.

మధ్యాహ్నం రెండింటికి బైకు మీద ఇద్దరు వచ్చారు, రేపటికి దారి చూసుకోవడానికో, ఇవాళే పని ముగించడానికో. ఆ ఎండలో హెల్మెట్లు తీయలేదు. గేటు దగ్గర నెమ్మదించారు. చోలెంగ్ కుర్చీలోంచి లేవలేదు, చూపూ తిప్పలేదు. వెనకవాడి చెప్పుల్ని గుర్తుపట్టింది. తన వంటింట్లో తిని వెళ్ళినవాడే. బైకు వెళ్ళిపోయింది. ఇంకోసారి వచ్చి, యాభైమంది జనాన్ని చూసి, మళ్ళీ వెళ్ళిపోయింది.

ఆ వెంటనే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" ఫెర్మిన్ గొంతు మెత్తగా ఉంది. అతనలా మెత్తగా మాట్లాడితేనే భయం. "ఒంట్లో బాగాలేదా? ఇంటికి రా. జనం ఏమనుకుంటారే?"

"చావింటికి వచ్చాననుకుంటారు. నువ్వు పంపించే చోటికే వచ్చాను. ఒకరోజు ముందొచ్చానంతే."

"నీకేం తెలుసని నువ్వు..." అన్నాడు.

"నెనా ఫోన్లో నీ మనిషి పెట్టిన మెసేజ్ ఉంది. నా సంచిలో రిబ్బను ఉంది. రేపు మాస్టారితో పాటు నేనూ మనీలా పడవెక్కుతున్నాను."

"చోలెంగ్! ఏం చేస్తున్నావో ఆలోచించుకో."

ఆలోచించుకుంది. ఇన్నేళ్ళూ కుర్చీల్లో కూర్చుని చేసిన పని అదేగా. తెక్లా ఇచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, నెమ్మదిగా చెప్పింది.

"బోయెత్‌తో ఇప్పుడే మెసేజ్ పెట్టించు ఫెర్మిన్, రేపు కొట్టు ఉండదు. నా రిబ్బను మీద చోలెంగ్ అని కాదు, సొలెదాద్ మగ్బానువా అని రాయించు, నా పుట్టింటి అసలు పేరు. రిబ్బను వచ్చాక నువ్వే సరిచూసుకో. చూసేదాన్ని నేనిక ఆ ఇంట్లో ఉండను."