రెండో ఫ్లరాంజ్

అరవై ఎనిమిదేళ్లు నిండాక, చర్చి హాల్లో మాంసం కూరిన రొట్టె నములుతూ ఉండగా, తాను రెండేళ్లకే చచ్చిపోయిన సంగతి ఫ్లరాంజ్ తిబుతోకి తెలిసింది.

చెప్పింది గోడ. రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచి ఆమె తమ్ముడు లుద్జేర్‌కి పూర్వీకుల్ని తవ్వడం తప్ప వేరే పని లేదు. ఫ్రాన్సులో ఓడెక్కి ఈ దేశం వచ్చిన మొదటి తిబుతో దగ్గర్నుంచి మొన్న పుట్టిన మనవడి దాకా వంశవృక్షం గీసి, తమ ఊరు కమురాస్కా చుట్టుపక్కల బంధువులందర్నీ ఆ హాలుకి పిలిచి, గోడ పొడుగునా అంటించాడు. అందులో తల్లి అల్ఫొన్సిన్ పేరు కింద ఇలా ఉంది: "మరీ ఫ్లరాంజ్. రెండేళ్లకు మృతి."

"ఒరేయ్ లుద్జేర్, నేనెప్పుడు పోయానురా?"

"నువ్వు కాదులే అక్కా. నీ ముందు పుట్టింది. నువ్వు రెండోదానివి. ఇదిగో, కింద ఇరికించాను."

"ఇద్దరికీ ఒకటే పేరా?"

"మనలో ఉన్నదేగా! పిల్ల పోయిందని పేరు పారేస్తామా? తర్వాత పుట్టినదానికి పెడతాం. మన ముత్తాతే ఆ ఇంట్లో మూడో ఒనేజిమ్. మూడోవాడు బతికి బట్టకట్టాడు కాబట్టే మనమిక్కడ రొట్టె తింటున్నాం."

ఫ్లరాంజ్‌కి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఆ ఊళ్లో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆడపిల్లలందరి పేరూ మొదట 'మరీ'యే, మగపిల్లలందరిదీ 'జోసెఫే'. ఆ పేరుతో ఎవర్నీ పిలవరు. దాని వెనక వచ్చే పేరే మనిషిది. పదహారుమంది సంతానంలో ఆమె ఏనాడూ కొత్త గౌను ఎరగదు, కొత్త బూట్లు ఎరగదు. పేరొక్కటైనా తనదే అనుకుంది. తీరా చూస్తే అదీ ఎవరో వాడి విడిచిందే.

రొట్టె సగంలోనే వదిలేసి సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమానికి వెళ్లింది. తొంభై దాటిన అల్ఫొన్సిన్ కిటికీ దగ్గర మేజోళ్లు అల్లుతోంది.

"అమ్మా, నాకు ముందు ఇంకో ఫ్లరాంజ్ ఉండేదట."

"ఉండేది." సూదులు ఆగలేదు.

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీ నాన్న చెప్పనివ్వలేదు. పూడ్చి వచ్చిన రోజే, ఇంట్లో దాని మాట ఎత్తితే ఊరుకోనన్నాడు. మరుసటేడు నువ్వు పుట్టావు. ఆ పేరే పెడతానన్నాను. ఆచారం కదా, కాదనలేకపోయాడు. ఇహ నేను ఎన్నిసార్లు పిలిస్తే మాత్రం ఏమంటాడు? గుమ్మంలో నిలబడి, అవతల నదిదాకా వినబడేట్టు పిలిచేదాన్ని."

ఫ్లరాంజ్‌కి ఆ పిలుపులు గుర్తున్నాయి. ఎండుగడ్డి మోపు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చి "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు, పో" అనేది అమ్మ. అమ్మకి మతిమరుపు అనుకునేది.

"అయితే అవి నన్ను పిలిచినవి కావన్నమాట."

అల్ఫొన్సిన్ సూదులు ఒళ్లో పెట్టుకుంది. "కొన్ని దాన్నే. అబద్ధం ఎందుకూ."

"మరి నావేవే?"

"తిట్లు."

"ఏంటీ?"

"తిట్టినప్పుడల్లా నిన్నేనే. దాన్ని పల్లెత్తు మాట అని ఎరగను. తిట్టించుకునే వయసు రానిచ్చాడా దేవుడు? తిట్లన్నీ నీవే."

పాలు ఒలకబోసినందుకు తిట్లు. బురద బూట్లతో వంటింట్లోకి వచ్చినందుకు తిట్లు. ఫాదర్ గారి టోపీ మీద కూర్చున్నందుకు వారం రోజుల తిట్లు. అన్నీ కొత్తవి, ఎవరూ వాడనివి, అచ్చంగా తనవి. ఫ్లరాంజ్ మంచం అంచున కూలబడి, పెద్దమనిషినన్న సంగతి మరిచిపోయి భోరుమంది. చేతిరుమాలు దొరకలేదు. చేతికందినదానితో ముక్కు తుడుచుకుంది.

"ఫ్లరాంజ్! కొత్త మేజోడుతో ముక్కు తుడుస్తావా? బుద్ధుందా నీకసలు?"

"నేనే అమ్మా, నేనే," అంది ఫ్లరాంజ్.