బీట్‌రూట్ ఎరుపు

అయినా బీట్‌రూట్ పేరు చెబితేనే మొహం చిట్లించే మనిషి వారం వారం అడిగి మరీ వండించుకుంటుంటే తనకి అనుమానం రావొద్దూ, రాలేదు, రాకపోగా మురిసిపోయింది, ఇన్నేళ్లకి నా చేతి కూర రుచి తెలిసిందన్నమాట మీకు అని ఎత్తిపొడిచింది కూడా, ఆయన తలొంచుకుని కలుపుకున్నాడు, ముద్ద గొంతు దగ్గర ఆగి ఆగి దిగడం చూసి కారం ఎక్కువైందేమో అనుకుంది, మంచినీళ్లు జరిపింది, ఇప్పుడు ఈ ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుంటే ఆ ముద్ద దిగిన తీరు కళ్లకి కడుతోంది, ఎదురుగా మూసిన తలుపు, దాని వెనక బల్ల మీద ఆయన, సన్నటి గొట్టం చివర దీపం పెట్టి మూత్రాశయం లోపలికి చూసే పరీక్ష, పావుగంటలో అయిపోతుందమ్మా అన్నారు, పావుగంట చాలదు, తను ఏడాదిన్నర వెనక్కి నడిచి మళ్లీ ఇక్కడికి రావాలి.

ఏడాదిన్నర, ఆ మాట ఆయన నోటితోనే వచ్చింది, ఇందాక ఆ చిన్న గదిలో, కొత్త మందు పరిశోధనలో చేరేవాళ్లని ప్రశ్నలడిగే స్టడీ సిస్టరు ముందు, ఆవిడ జడలో పెన్ను గుచ్చుకుని అదే పెన్ను కోసం బల్లంతా వెతుకుతుంటే తనకి నవ్వొచ్చింది, సిస్టరుగారూ మీ తల్లోనే ఉంది అంది, అందరూ నవ్వారు, ఆ నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే ఆవిడ అడిగింది, మూత్రంలో రక్తం మొదటిసారి ఎప్పుడు చూశారండీ, నిజం చెప్పండి, మందు పని చేస్తోందో లేదో మాకు తెలియాలంటే మీరు ఉన్నదున్నట్టు చెప్పాలి, తను నోరు తెరవబోయింది, తేదీతో సహా తనకి తెలుసు కదా, ఆర్నెల్ల కింద, గడ్డ గీకి తీసే ఆపరేషనుకి నెల ముందు, ఓ ఆదివారం, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఇదిగో ఎందుకో ఎర్రగా వస్తోంది అన్నప్పుడు తను పప్పు ఎనుపుతోంది, కానీ ఆయన తన వైపు చూడకుండానే ఏడాదిన్నర అవుతుందండీ అనేశాడు, మొదట ఎప్పుడో ఓసారి, తర్వాత వారానికోసారి, మధ్యలో రెండు నెలలు అసలు లేదు, పోయిందనుకున్నాను, ఎంత సాఫీగా చెప్పాడు, తనకి ఒక్క ముక్క చెప్పడానికి గుమ్మం పట్టుకుని వేలాడిన మనిషి ముక్కూ మొహం తెలియని పిల్లకి వరస పెట్టి అప్పజెప్పేశాడు.

మరి బాత్రూము, అవును, బాత్రూము కూడా ఆ రోజుల్లోనే కదా మొదలైంది, నువ్వు నడుం నొప్పంటున్నావు, ఇకనుంచి ఇది నా పని అని బ్రష్షు లాక్కున్నాడు, పొద్దున్నే తను లేచేసరికి తెల్లగా మెరుస్తుండేది, తను ఊరుకుందా, చెల్లెలికి ఫోను చేసి గొప్పలు పోయింది, మీ బావగారు బాత్రూము కడుగుతున్నారే అంది, అది గట్టిగా నవ్వి నాలుగు రోజులు మా ఇంటికి అద్దెకివ్వవే అక్కా, మా ఆయన్ని ఊరికే ఇస్తాను అంది, ఆ నవ్వులు, ఆ గర్వం, అన్నీ ఆ తెల్లటి పింగాణీ మీద నురగలా జారి ఏ గొట్టంలోకి పోయాయో, నడుం నొప్పి తనది, మరకలు ఆయనవి, ప్రేమ అనుకున్నది ఫినాయిలు వాసన.

ఓ రోజు మాత్రం కడగడం మర్చిపోయాడు, లేదా లోపలికి తనే ముందు వెళ్లింది, నీళ్లలో లేత గులాబీ చాయ చూసి ఏమండీ ఇదేంటి అంది, ఆయన ఏదో అనబోయేలోపే తనే, అదే, తనే, ఓహో రాత్రి బీట్‌రూట్ తిన్నారుగా, కొందరికి ఆ రంగు అరగదు, అలాగే దిగిపోతుంది, భయపడకండి, డిగ్రీలో చదువుకున్నాం అంది, తన డిగ్రీ ఇన్నాళ్లకి ఇంట్లో ఒకరికి పనికొచ్చిందని సంబరం, ఆయన ఒక్క క్షణం తన మొహంలోకి చూసి, అంతేనంటావా, అంతేలే అన్నాడు, ఆ వారం నుంచే బీట్‌రూట్ మీద ఆ ప్రేమ, తను సంతకెళ్లి ఏరి ఏరి తెచ్చేది, చెక్కు తీసేటప్పుడు అరచేతులు ఎర్రబడితే ఆయనకి చూపించి నవ్వేది, ఇంకెవరైనా అయితే నిజంగానే పొరబడ్డారు పాపం అనుకోవచ్చు, కానీ ఈయన ప్రెస్సులో రంగులు కలిపే మనిషి, శుభలేఖ మీద ఎరుపు చుక్కంత ముదిరిందని వెయ్యి కాగితాలు వెనక్కి పంపిన మనిషి, తన చీర కొంటే కూడా ఇది కుంకుమ ఎరుపు కాదు ఇటుక ఎరుపు అని షాపువాడితో గంట వాదించిన మనిషి, దుంప ఎరుపుకీ నెత్తుటి ఎరుపుకీ తేడా ఆయనకి తెలియకపోవడమా, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఈయన కళ్లు తెరుచుకునే తాగాడు, గిన్నె తను పట్టుకుని నిలబడింది.

పోనీ ఎవరికీ చెప్పకుండా ఒక్కడే కుమిలిపోయాడా అంటే అదీ లేదు, సిస్టరు రెండో ప్రశ్న అదే, ముందుగా ఎవరికి చెప్పారు, మందుల షాపు మిత్రుడికండీ, వేడి చేసిందని మాత్రలిచ్చాడు, తగ్గకపోతే ఇంకో రకం ఇచ్చాడు, తర్వాత మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లమని పోరాడు, నేనే వాయిదా వేశాను, మందుల షాపు మిత్రుడు అంటే ఎవరో కాదు, సాయంత్రమైతే వచ్చి తమ ఇంటి వరండాలోనే కూర్చునే మనిషి, చెల్లెమ్మా నీ చేతి టీ తాగితే నా షాపులో సగం మందులు దండగ అనే మనిషి, అన్నయ్యగారూ అని నోరారా పిలిచింది తను, ఆ అన్నయ్యగారు టీ ఊదుకుంటూ, కప్పు అంచు మీంచి తనని చూస్తూ, తెలిసీ, ఆ ఏడాదంతా తెలిసీ, బిస్కెట్లు ఇంకో రెండు పెట్టు చెల్లెమ్మా అన్నాడు, తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమో అనుకుంది ఇన్నాళ్లూ, అంత మెత్తగా ఉంటుందన్నమాట.

అప్పుడే వచ్చి ఉంటే, ఈ మాట ఎవరూ అనలేదు, సిస్టరు అనలేదు, డాక్టరు అనలేదు, వాళ్ల మర్యాద వాళ్లది, కానీ తనకి తెలియదా, అప్పుడు పైపైన ఉండే గడ్డ, గీకేస్తే పోయేదేమో, ఇప్పుడు గీకారు, మూత్రాశయంలోకి వారం వారం మందు ఎక్కించారు, మళ్లీ వచ్చింది, ఇక మూత్రాశయం తీసెయ్యడమే, పొట్టకి బయట ఓ సంచి అంటించుకుని బతకాలి అన్నారు, ఆ రోజు వార్డులో ఎవరో పెద్దాయన లుంగీ పక్కనుంచి ఆ సంచి కనిపిస్తే ఈయన మొహం తిప్పేసుకున్నాడు, అలా బతకను అన్నాడు, తను ఆయన చెయ్యి పట్టుకుంది, ఏడ్చింది, ఈ పరిశోధన సంగతి తెలిసినప్పుడు దారి దొరికిందనుకుంది, మూత్రాశయం తియ్యకుండానే కొత్త మందుతో చూస్తారు, మూడు నెలలకోసారి గొట్టం వేసి చూస్తారు, కానీ ఒక షరతు, సిస్టరు ఇందాక తననే అడిగింది, ఇంట్లో ఉండేది మీరు, చుక్క రక్తం కనిపించినా ఆ రోజే మాకు ఫోను చేస్తారా ఈయన, దాచుకోరుగా, దాచుకునేవాళ్లని మేము చేర్చుకోలేమమ్మా, మధ్యలో జబ్బు కండలోకి దిగితే తర్వాత ఆపరేషను చేసినా మనిషి దక్కకపోవచ్చు, అలాంటివాళ్లకి ఇప్పుడే ఆపరేషను మంచిది, ఆలోచించుకుని పరీక్ష అయ్యాక చెప్పండి.

ఆలోచించుకోవడానికి ఏముంది, చెప్తారు అంటే చాలు, ఒక్క మాట, ఆయన ఆయనలాగే ఉంటాడు, చొక్కా టక్ చేసుకుని ప్రెస్సుకి వెళ్తాడు, చెప్పరు అంటే ఆ సంచి తనే తగిలించినట్టు, జీవితాంతం ఆయన దాన్ని చూసుకున్నప్పుడల్లా తన మాట గుర్తొస్తుంది, పాపం భయపడ్డాడేమో, తెల్లవారకుండానే చలికి వణుకుతూ తలుపు గడియ పెట్టుకుని ఆ ఎరుపుని ఒక్కడే చూసుకునేవాడేమో, తన నాన్న జబ్బుతో పోయినప్పుడు తను ఏడాదిపాటు మనిషి కాలేదు, అది చూసి దీనికెందుకు చెప్పడం అనుకున్నాడేమో, అనుకోనీ, అయితే మాత్రం, గుండె దిటవు లేనిదాన్ననుకుంటే ఆపరేషను రాత్రి గొట్టంలో ఎర్రనీళ్లు ఎంత వచ్చాయో నర్సుకి కొలిచి చెప్పింది ఎవరు, పక్క గుడ్డలు మార్చింది ఎవరు, తను కరుగుతోంది, మళ్లీ గట్టిపడుతోంది, దాచుకోకుండా ఉండగలరా అని ఇంటికెళ్లాక నిలదీసి, ఒట్టు వేయించుకుని, అప్పుడు చెప్తారు అనవచ్చుగా, ఒట్టు, ఎవరి మీద.

తలుపు తెరుచుకుంది, ఆయన కాళ్లు ఎడంగా వేస్తూ గోడ పట్టుకుని వచ్చాడు, మంటగా ఉందా అని తన నోరు దానంతటదే అడిగేసింది, ఊ అన్నాడు, నీళ్లు బాగా తాగండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అంటూ సిస్టరు వెనకే వచ్చి, ఏమ్మా, ఆలోచించుకున్నారా, ఈయన చెప్తారు కదా అంది, ఆయన తన వైపు చూశాడు, ఆ చూపులో బతిమాలడం కోసం వెతికింది తను, గోరంత కనిపించినా లొంగిపోయేది, సిగ్గు కోసం వెతికింది, భయం కోసం వెతికింది, అవేవీ లేవు, చుట్టాలింట్లో మేం తినే వచ్చాం అనమని సైగ చేసేటప్పుడు ఉండే తీరుబడి ఉంది, ఇది అంటుందిలే అన్న నిశ్చింత ఉంది, అప్పుడు అర్థమైంది తనకి, ఎందుకు దాచాడా అని ఇందాకటి నుంచీ తవ్వుకున్నది వృథా, ఏడాదిన్నరలో ఒక్కరోజు కూడా తనకి తెలిస్తే ఏమంటుందో అని ఆయన భయపడలేదు, తెలిసినా ఏమీ అనదు, ఏడుస్తుంది, పక్క సర్దుతుంది, టీ పెడుతుంది, గోడకి కొట్టిన మేకు ఎక్కడికి పోతుంది.

చెప్పరమ్మా, అంది తను, ఏడాదిపాటు నాకే చెప్పలేదు, మీకూ చెప్పరు, ఆయన్ని నమ్మి మందివ్వకండి, ఆయన ఏమిటోయ్ ఆ మాటలు అన్నాడు నవ్వబోతూ, సిస్టరు నవ్వలేదు, అయితే పెద్ద డాక్టరుగారితో మాట్లాడాలి, ఆపరేషను గురించి, మీరు ఇక్కడే ఉండండి అని గబగబా వెళ్లిపోయింది, వరండాలో ఇద్దరే మిగిలారు, ఆయన కూర్చోలేదు, గోడ పట్టుకునే నిలబడి తన మొహంలోకి చూస్తున్నాడు, ఇంకా ఏమంటుందో, ఇంటికి వస్తుందో రాదో, ఏమీ అంతుపట్టక, వేచి చూస్తున్నాడు, కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో తను ఏమంటుందో తెలియక ఆయన తన మొహం చూడటం ఇదే మొదటిసారి.